స్కూల్ ల్యాబ్‌కు కొత్త కంప్యూటర్లు: ఫోన్ చేసే ముందు నుంచి పాతవి పంపించేదాకా

కరస్పాండెంట్ గారు "ల్యాబ్‌లో సిస్టమ్‌లన్నీ మార్చేద్దాం, కొటేషన్లు తెప్పించండి" అనగానే చేయి ఫోన్ మీదికి పోతుంది. డీలర్‌కు ఆ ఫోన్ ఒక వారం ఆగి చేయండి. మీకేం కావాలో మీ దగ్గర కాగితం మీద లేకపోతే, డీలర్ గోడౌన్‌లో ఏది మిగిలి ఉందో అదే మీ అవసరం అయి కూర్చుంటుంది.

ముందు ఉన్నవాటి లెక్క

నోటుబుక్కులో ఒక్కో సిస్టమ్‌కు ఒక వరుస కేటాయించండి. ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్ ఎంత, లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్కా, తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీనా, మానిటర్ వెనక ఏ పోర్టులున్నాయి, ఏం రిపేరు ఉంది అన్నవి రాయండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూస్తే మొదటి మూడూ రెండు నిమిషాల్లో తెలుస్తాయి. "ఐ5" అని రాసి వదిలేయకండి. ఐ5-7500లో ముందున్న 7 అంటే ఏడో తరం. ఐ3-12100లో 12 అంటే పన్నెండో తరం. ఆ అంకె లేకుండా ఐ3, ఐ5 అన్న మాటలకు విలువ లేదు.

ఇప్పుడు అందరూ మార్చుకోవడానికి కారణం విండోస్ 10. దానికి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అనే సదుపాయం ఉండాలి. ఇంటెల్ అయితే స్థూలంగా ఎనిమిదో తరం నుంచి పైవి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో ఉన్నాయి. ఏఎండీలో పేరు చూసి మోసపోకండి. రైజెన్ 3 2200జీ పేరులో 2000 సిరీస్ అంకె ఉన్నా ఆ జాబితాలో లేదు.

అలాగని జాబితాలో లేనివన్నీ ఒక్కరోజులో పారేయాల్సిన పని లేదు. విద్యాసంస్థలకు వాల్యూమ్ లైసెన్సు (సంస్థలు టోకున తీసుకునేది) ద్వారా విండోస్ 10కు మరో మూడేళ్ల భద్రతా అప్‌డేట్లు దొరుకుతాయి. సిస్టమ్‌కు మొదటి ఏడాది 1 డాలర్, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4. ఆరో, ఏడో తరం సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ తీసి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీ చేస్తే అది ప్రైమరీ పిల్లలకు ఇంకో రెండు మూడేళ్లు హాయిగా పనిచేస్తుంది. "సిస్టమ్ స్లో" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఆ తిరిగే డిస్కే, ప్రాసెసర్ కాదు. కాబట్టి మీ జాబితాను మూడు కుప్పలు చేయండి: ఉంచేవి, ఎస్ఎస్‌డీ వేసి నడిపేవి, పంపించేసేవి. కొనాల్సిన సంఖ్య మూడో కుప్ప చూశాకే తేలుతుంది.

మానిటర్లను కూడా విడిగా చూడండి. 1920 బై 1080 ఉండి, తెర మీద గీతలు లేకుండా ఉన్న మానిటర్‌ను మార్చడం దండగ. కానీ వెనక వీజీఏ ఒక్కటే ఉంటే జాగ్రత్త. కొత్త సీపీయూల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే వస్తున్నాయి. కన్వర్టర్ వేయొచ్చు, కాకపోతే ల్యాబ్‌లో ముందుగా మాయమయ్యే వస్తువు అదే. వీజీఏ పోర్టు ఉన్న మోడల్ దొరికితే అది తీసుకోవడమే మేలు.

ఆఫీసు గదిలో పొంచి ఉన్నవి

ల్యాబ్‌తోపాటు ఆఫీసు సిస్టమ్‌లు కూడా మారుస్తుంటే, అసలు తలనొప్పి అక్కడే. ఫీజు రసీదులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వెనక చూడండి. వెడల్పాటి ప్యారలల్ కేబుల్ అయితే, కొత్త డెస్క్‌టాప్‌లలో ఆ పోర్టు మామూలుగా ఉండదు. అదనపు కార్డో, యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబులో కావాలి. ఫీజు సాఫ్ట్‌వేర్ పాత డాస్ కాలంనాటిదైతే యూఎస్‌బీ కేబుల్‌తో ప్రింట్ రాకపోవచ్చు. జూన్‌లో అడ్మిషన్ల క్యూ ముందు ఈ సంగతి తెలుసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ట్యాలీ ఉంటే, పాత సిస్టమ్ తీసే ముందు అందులోంచే లైసెన్సు సరెండర్ చేయాలి. ఫార్మాట్ చేసేశాక గుర్తొస్తే సపోర్టు వాళ్ల చుట్టూ తిరగాలి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వేలిముద్రల హాజరు యంత్రం, స్కానర్ వీటన్నిటికీ విండోస్ 11 డ్రైవర్లు ఉన్నాయో లేవో కంపెనీ సైటులో చూసుకోండి.

ఇక ప్రశ్నపత్రాలు. చాలా స్కూళ్లలో తెలుగు ప్రశ్నపత్రాలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థంకాని అక్షరాల ముద్ద కనిపిస్తుంది. ఆర్డర్ పెట్టే ముందే ఎక్కడైనా ఒక విండోస్ 11 సిస్టమ్‌లో మీ పేజ్‌మేకర్, కీబోర్డు మేనేజర్ రెండూ ఎక్కించి, పాత పేపరు ఒకటి తెరిచి, ప్రింట్ తీసి చూడండి. నడవకపోతే ఒక పాత సిస్టమ్‌ను ఇంటర్నెట్ తీసేసి ఆ పనికే అట్టేపెట్టండి. కొత్త పేపర్లు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఇరవై ఏళ్ల పేపర్లను ఒక్క వేసవిలో మార్చేస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

ఎన్ని కొనాలి

సెక్షన్‌లో 40 మంది ఉండి, ఇద్దరికొక సిస్టమ్ అనుకుంటే 20. టీచర్‌కు 1. పైన 2 స్పేర్. మొత్తం 23. స్పేర్ అంటే పెట్టెలో దాచేది కాదు. ల్యాబ్‌లోనే అమర్చి ఉంచండి. ఒకటి పాడైతే పిల్లలు పక్కదానిలో కూర్చుంటారు, కంపెనీ ఇంజనీరు ఎప్పుడొచ్చినా పీరియడ్ ఆగదు. ఈ రెంటికి పెట్టే ఖర్చు చూసి యాజమాన్యం ముఖం చిట్లిస్తుంది. కానీ మూడేళ్ల తర్వాత అదే మోడల్ బజార్లో దొరకదని చెప్పండి.

అన్నీ ఒకే మోడల్ కావడం చాలా ముఖ్యం. సగం ఈ ఏడాది, సగం వచ్చే ఏడాది కొంటే రెండు రకాల డ్రైవర్లు, రెండు రకాల అడాప్టర్లు, రెండు వారంటీ తేదీలు వచ్చిపడతాయి. డబ్బు చాలకపోతే ల్యాబ్ మొత్తం ఒకేసారి మార్చి, ఆఫీసును మరుసటి ఏడాదికి వదలండి. ప్రతి గదికీ తలా కొంచెం పంచకండి.

స్పెసిఫికేషన్ ఎలా రాయాలి

"ఐ5, 8 జీబీ, 512 ఎస్ఎస్‌డీ" అని రాస్తే మూడు చోట్ల మోసానికి తలుపు తెరిచినట్టే. ఒక్కో మాటా విప్పి రాయాలి.

ప్రాసెసర్: "ఇంటెల్ కోర్ ఐ3-12100 లేదా అంతకంటే కొత్త తరం, కనీసం 4 కోర్లు, లోపలే గ్రాఫిక్స్ ఉన్నది, లేదా సమానమైన ఏఎండీ రైజెన్" అని రాయండి. నంబరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. వేరే కార్డు లేకుండా దాంతో తెర వెలగదు. ఐ3 అంటే చిన్నచూపు అక్కర్లేదు. పన్నెండో తరం ఐ3, 2012 నాటి మూడో తరం ఐ5 కంటే రెట్టింపుకు పైగా వేగంగా పనిచేస్తుంది. పైథాన్, మైఎస్‌క్యూఎల్, లిబ్రెఆఫీస్, బ్రౌజర్, స్క్రాచ్ వీటికి ఐ3 ధారాళంగా సరిపోతుంది. ఐ5కు పెట్టే తేడా డబ్బును వారంటీ మీద పెట్టండి.

ర్యామ్: కనీసం 8 జీబీ, అదీ ఒకే కడ్డీగా, రెండో స్లాట్ ఖాళీగా. 4 జీబీ కడ్డీలు రెండు వేసి ఇస్తే రేపు పెంచాలన్నప్పుడు రెండూ తీసి పక్కన పడేయాల్సి వస్తుంది. పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్ ఉన్న స్కూలైతే 16 తీసుకోవచ్చు. ర్యామ్ ధర కొన్ని నెలల్లోనే బాగా పెరిగిపోయే రోజులు వస్తుంటాయి. అలాంటప్పుడు 8 తీసుకుని స్లాట్ ఖాళీగా ఉంచుకోవడమే తెలివి.

స్టోరేజీ: "256 జీబీ ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ" అని పూర్తిగా రాయండి. ఉత్త ఎస్ఎస్‌డీ అంటే అంతకంటే నెమ్మదైన సాటా రకం పెట్టి ఇచ్చినా మీరేం అనలేరు. ల్యాబ్‌కు 256 చాలు. టీచర్ సిస్టమ్‌కూ ఆఫీసుకూ 512. హార్డ్ డిస్క్ ఒక్కటే ఉన్న సిస్టమ్ ఎంత చవకైనా వద్దు.

మానిటర్: 21.5 అంగుళాలు లేదా ఆపైన, 1920 బై 1080, ఐపీఎస్ లేదా వీఏ ప్యానెల్. "పెద్ద తేడా లేదు సార్" అంటూ 18.5 అంగుళాల 1366 బై 768 మానిటర్ అంటగడతారు. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని వంకరగా చూసినప్పుడు రంగులు తిరగబడే చవక ప్యానెల్ ఎందుకు వద్దో అప్పుడు తెలుస్తుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టెలో వస్తుందా అని అడిగి, "కేబుల్‌తో సహా" అని రాయించండి.

కీబోర్డు, మౌస్ వైరువే. వైర్‌లెస్ మౌస్ బ్యాటరీలు, ఆ చిన్న రిసీవర్లు ల్యాబ్‌లో నెల తిరక్కుండా మాయమవుతాయి. సీపీయూతోపాటు అదనంగా 4 కీబోర్డులు, 6 మౌసులు ఆర్డర్‌లో కలపండి. ఎలుకలు ముందు కొరికేది మౌస్ వైరునే.

డబ్బా సైజు దగ్గర నిదానించండి. అరచేతిలో పట్టే మినీ పీసీలు ముచ్చటగా ఉంటాయి, కరెంటు తక్కువ తాగుతాయి, మానిటర్ వెనక బిగించొచ్చు. కానీ సంచిలో వేసుకుని పోవడం కూడా తేలికే. తాళం కేబుల్ స్లాట్ ఉందో లేదో చూడాలి. అడాప్టర్ బయట వేలాడుతుంది. టవర్ అయితే దుమ్ము దులపడం తేలిక, వేసవిలో గాలి ఆడుతుంది. రేకుల కప్పు, ఏసీ లేని గది అయితే టవరే నయం.

బ్రాండెడ్ టవర్లలో ఒక కిటుకు ఉంది. డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీలు చాలా మోడళ్లలో ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె), మదర్‌బోర్డు కనెక్టర్లను తమ సొంత పద్ధతిలో పెడతాయి. వారంటీ అయిపోయాక ఎస్ఎంపీఎస్ కాలితే బజార్లో దొరికే మామూలుది అందులో పట్టదు. అందుకే ఆర్డర్‌లోనే రెండు స్పేర్ ఎస్ఎంపీఎస్‌లకు విడిగా రేటు అడగండి. మినీ అయితే రెండు అడాప్టర్లు.

కొత్తవా, అసెంబుల్డా, రీఫర్బిష్డా

కంపెనీవాళ్లు వ్యాపారసంస్థల కోసం చేసే వరుసలే చూడండి: లెనోవో థింక్‌సెంటర్, హెచ్‌పీ ప్రో టవర్, డెల్ ప్రో, ఏసర్ వెరిటాన్ లాంటివి. షోరూముల్లో మెరిసే ఇంటి మోడళ్లకు విడిభాగాల సరఫరా, ఆన్‌సైట్ సర్వీసు అంత గట్టిగా ఉండవు.

అసెంబుల్డ్ చవక. భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఊళ్లోనే నమ్మకమైన మెకానిక్ ఉంటే తప్పేం లేదు. కానీ వారంటీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మదర్‌బోర్డుది ఒకరు, ఎస్ఎస్‌డీది ఇంకొకరు. మీ డీలర్ వాటిని సర్వీసు సెంటర్‌కు పంపి తెప్పించేదాకా ఆగాలి. ఇక్కడ పెద్ద మోసం ఒకటుంది. హెచ్61, హెచ్81 చిప్‌సెట్ల కొత్త బోర్డులో పాత కంప్యూటర్ల నుంచి పీకిన మూడో, నాలుగో తరం ఐ5 వేసి, తళతళలాడే క్యాబినెట్‌లో పెట్టి "కొత్త ఐ5 సిస్టమ్" అని అమ్ముతారు. బోర్డు కొత్తదే, డబ్బా కొత్తదే, ప్రాసెసర్‌కు మాత్రం పుష్కరం దాటింది. విండోస్ 11 దాని మీద అధికారికంగా నడవదు.

రీఫర్బిష్డ్ కొనాలంటే సాఫ్ట్‌వేర్ కంపెనీల లీజు గడువు తీరి వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్ 3060, 7060, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720 వంటి ఎనిమిదో తరంవి అడగండి. అంతకంటే పాతవి వద్దు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలో తిరిగితే ఇలాంటివి కనిపిస్తాయి. ఒకే మోడల్ 23 ఇవ్వగలరా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. కలగాపులగంగా ఇస్తామంటే చవకైనా వదిలేయండి. ఎస్ఎస్‌డీలు కొత్తవి వేయించి, ఏడాది వారంటీ రాతలో తీసుకోండి. బయాస్‌కు (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగులకు) పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉండిపోయిందేమో చూసుకోండి, ఉంటే అది తీయడం మీ వల్ల కాదు.

ఊరి జడ్పీ హైస్కూల్‌కు కంప్యూటర్లు ఇద్దామనుకునే పూర్వ విద్యార్థులకు, ముఖ్యంగా బయటి దేశాల్లో ఉన్నవారికి ఒక మాట. తలా ఒక పాత ల్యాప్‌టాప్ పంపడం కంటే, ఆ డబ్బు కూడగట్టి ఒకే రకం డెస్క్‌టాప్‌లు 10, యూపీఎస్, ఎర్తింగ్, మూడేళ్ల వారంటీ ఇప్పిస్తే హెచ్ఎం గారు జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

విండోస్ సంగతి

కొటేషన్‌లో "డాస్" లేదా "ఓఎస్ లేకుండా" అని ఉంటే ధర తగ్గినట్టు కనిపిస్తుంది. తర్వాత ఎవరో కుర్రాడు పెన్‌డ్రైవ్‌తో వచ్చి అన్నిటికీ దొంగ విండోస్ ఎక్కిస్తాడు. సంస్థల కోసం ఉన్న కేఎంఎస్ అనే వాల్యూమ్ కీ పద్ధతిలో యాక్టివేట్ చేసినవాటిని సంస్థ సర్వర్‌తో 180 రోజులకోసారి కలపాలి. లేకపోతే ఆర్నెల్లకు మూల "యాక్టివేట్ విండోస్" అని తేలుతుంది. ఫ్యాక్టరీలోనే ఎక్కించిన విండోస్ 11 ప్రో అడగండి. హోమ్ ఎడిషన్‌లో సిస్టమ్‌లకు నియమాలు పెట్టే గ్రూప్ పాలసీ లేదు, అన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే డొమైన్‌లో చేర్చలేరు. విద్యాసంస్థల కోసం తయారీదారులు తక్కువ ధరకు ఇచ్చే ప్రో లైసెన్సు కూడా ఉంది, అది మీకు వర్తిస్తుందా అని కంపెనీనే అడగండి.

లేదా విండోస్ ఖర్చే వద్దనుకోవచ్చు. కేరళ ప్రభుత్వ స్కూళ్లు కైట్ సంస్థ తయారుచేసే ఉబుంటు ఆధారిత లినక్స్ మీదే నడుస్తున్నాయి. సీబీఎస్ఈ తొమ్మిది, పది ఐటీ సబ్జెక్టులో లిబ్రెఆఫీసే నేర్పుతున్నారు, పైథాన్ ఎక్కడైనా ఒకటే. మీ టీచర్ లినక్స్‌కు సిద్ధంగా ఉంటేనే ఇది పనికొస్తుంది. లేకపోతే మూడో నెలకే ఆ దొంగ విండోస్ ఎక్కుతుంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టేముందు, గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్‌లోనూ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 365 ఏ1లోనూ స్కూళ్లకు ఉచిత అంచె ఉందని గుర్తుంచుకోండి.

కరెంటు

సిస్టమ్‌లు కాలిపోవడానికి కారణం ఎక్కువసార్లు కంపెనీ కాదు, గోడలో వైరింగ్. ఆర్డర్ పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ల్యాబ్ సాకెట్లలో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలిపించండి. 2, 3 వోల్టులు దాటితే ఎర్తింగ్ బాగుచేయించాలి. సీపీయూ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోందని పిల్లలు చెబుతున్నారంటే ఇంకా కొలిచే పనే లేదు.

లోడు లెక్క ఇలా వేయండి. సీపీయూ, మానిటర్ కలిపి సుమారు 70 వాట్లు. 23 సిస్టమ్‌లకు 1,610, స్విచ్, రౌటర్ కలిపితే 1,700 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్న 3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ 2,400 వాట్లు మోస్తుంది, సరిపోతుంది. బ్యాకప్ కాలం బ్యాటరీల మీద ఉంటుంది: 12 వోల్టుల 26 ఏహెచ్ బ్యాటరీలు 8 ఉంటే 2,496 వాట్-అవర్లు. కాగితం మీద దాదాపు గంటన్నర, నిజానికి గంటలోపే. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి. అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు యూపీఎస్ ట్రిప్ అవుతుంది. ఒక్కో సిస్టమ్‌కు చిన్న 600 వీఏ యూపీఎస్ పెడితే ఒకటి పోయినా మిగతావి నడుస్తాయి నిజమే. కానీ రెండు మూడేళ్లకు 23 బ్యాటరీలూ ఒకేసారి చస్తాయి.

23 సిస్టమ్‌లను ఒకే ఎంసీబీ మీద పెట్టకండి. నడిచేటప్పుడు తీసుకునేది 7 ఆంపియర్లే అయినా, అన్నీ ఒక్కసారి ఆన్ అయిన క్షణంలో లాగే కరెంటుకు ఎంసీబీ పడిపోతుంది. ఎనిమిదేసికి ఒక సర్క్యూట్ చేయించండి.

కొటేషన్లు, బేరం

తెలుగు రాష్ట్రాల్లో స్కూళ్లు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి వెనక్కి లెక్కపెట్టండి. అమర్చడానికి, పరీక్షించడానికి రెండు వారాలు. మీ స్పెసిఫికేషన్‌తో ఫ్యాక్టరీ నుంచి రావడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు. అంటే మార్చి నెలాఖరుకల్లా ఆర్డర్ వెళ్లాలి, ఫిబ్రవరిలోనే కొటేషన్లు రావాలి. మేలో కొంటే స్టాకులో ఉన్నదే తీసుకోవాలి.

ప్రభుత్వ కొనుగోలు అయితే జెమ్ పోర్టల్, శాఖ నిబంధనలు ఉంటాయి, వాటి ప్రకారమే పోవాలి. ప్రైవేటు స్కూలైతే కనీసం ముగ్గురు డీలర్లకు ఒకే కాగితాన్ని ఒకే రోజు పంపండి. ఎందుకంటే పెద్ద ఆర్డర్ రాగానే డీలర్ మీ స్కూలు పేరుతో కంపెనీ దగ్గర "డీల్ రిజిస్ట్రేషన్" చేస్తాడు. ముందు చేసినవాడికే ప్రత్యేక ధర దక్కుతుంది, తర్వాత వచ్చినవాళ్లకు అదే మోడల్ ఎక్కువకు పడుతుంది. దాంతో మీకు పోటీ ఉన్నట్టే కనిపిస్తుంది కానీ ఉండదు. అందుకే వేర్వేరు బ్రాండ్ల డీలర్లను అడగడం, కంపెనీ విద్యాసంస్థల విభాగానికి నేరుగా రాయడం రెండూ చేయండి.

రేట్లను పోల్చేటప్పుడు అన్నీ కలిపి పోల్చండి. ఉదాహరణకు సిస్టమ్ 40,000 అనుకుందాం. 23కు 9,20,000. 18 శాతం జీఎస్టీ 1,65,600. మొత్తం 10,85,600. స్కూలు చెప్పే చదువుకు జీఎస్టీ లేదు కాబట్టి కట్టిన జీఎస్టీని మీరు తిరిగి సర్దుకోలేరు, అది మీ ఖర్చే. "ప్లస్ ట్యాక్స్" అని ఒకరు, "అన్నీ కలిపి" అని ఇంకొకరు ఇస్తే చవకేదో తప్పు లెక్క వస్తుంది. పాతవాటికి ఎక్స్ఛేంజ్ ఇస్తామంటే ఆ మొత్తాన్ని విడి వరుసలో రాయమనండి. లేకపోతే కొత్తదాని ధర పెంచి పాతదానికి దానం చేసినట్టు చూపిస్తారు.

వారంటీ: 3 ఏళ్లు, ఆన్‌సైట్, మరుసటి పనిదినం. "క్యారీ ఇన్" అన్న మాట కనిపిస్తే మీరే సీపీయూను ఆటోలో పెట్టుకుని జిల్లా కేంద్రానికి పోవాలి. మీ మండలానికి ఆన్‌సైట్ వర్తిస్తుందా అని పిన్‌కోడ్ చెప్పి కంపెనీ కాల్‌సెంటర్‌ను అడగండి, డీలర్‌ను కాదు. మానిటర్‌కూ అంతే కాలం ఉందో లేదో చూడండి. ఆఫీసు సిస్టమ్‌లకు, డిస్క్ పాడైతే పాతది మీ దగ్గరే ఉంచుకునే షరతు దొరికితే తీసుకోండి. లేకపోతే పిల్లల వివరాలున్న డిస్క్ కంపెనీకి పోతుంది.

పర్చేజ్ ఆర్డర్‌లో మోడల్ పూర్తి పార్ట్ నంబరు, గదిలో దించి అమర్చే బాధ్యత, ఆలస్యమైతే తగ్గింపు రాయండి. పూర్తి అడ్వాన్సు ఇవ్వకండి. కొంత ఆర్డర్‌తో, ఎక్కువ భాగం సరుకు దిగాక, చివరి 10 శాతం అన్నీ పరీక్షించాక. ఇన్వాయిస్‌లో ప్రతి సీపీయూ, మానిటర్ సీరియల్ నంబరు ఉండాలి.

సరుకు దిగిన రోజు

పెట్టెలు లెక్కపెట్టి, నలిగినవాటిని ఫొటో తీసి, ఆ మాట డెలివరీ కాగితం మీద రాశాకే సంతకం పెట్టండి. పెట్టె మీద, సీపీయూ వెనక, బయాస్‌లో ఉన్న సీరియల్ నంబర్లు మూడూ ఒకటి కావాలి. బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు సీపీయూ మీదా అడాప్టర్ మీదా ఉండాలి. ఆ సీరియల్‌ను కంపెనీ సైటులో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో కనిపిస్తుంది. చాలాసార్లు అది డీలర్‌కు సరుకు పంపిన తేదీ. గోడౌన్‌లో నాలుగు నెలలు పడి ఉంటే మీ మూడేళ్లలో నాలుగు నెలలు అప్పుడే పోయాయి. ఇన్వాయిస్ చూపి తేదీ సరిచేయించమని డీలర్‌కు అప్పుడే చెప్పండి, తర్వాత వినరు.

ప్రాసెసర్, ర్యామ్ కడ్డీల సంఖ్య, ఎస్ఎస్‌డీ రకం, విండోస్ ఎడిషన్, యాక్టివేషన్ ప్రతి సిస్టమ్‌లో చూడాలి. రెండు మూడు చూసి వదలకండి. తర్వాత అన్నిటినీ ఒకేసారి ఆన్ చేసి రెండు రోజులు నడవనివ్వండి. పోయే ఎస్ఎంపీఎస్, పాడు ర్యామ్ తరచుగా మొదటి గంటల్లోనే బయటపడతాయి. మీ ఎంసీబీ, యూపీఎస్ సత్తా కూడా అప్పుడే తేలుతుంది.

అమర్చడం

ఒక సిస్టమ్‌ను పూర్తిగా సిద్ధం చేసి, విండోస్‌లోనే ఉండే సిస్‌ప్రెప్ నడిపి, క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మిగతావాటికి నకలు తీస్తే 23 సిస్టమ్‌లు రోజున్నర పని. అన్నీ ఒకే మోడల్ ఉండాలన్నది అందుకే. సిస్‌ప్రెప్ చేయకుండా నకలు తీస్తే అన్నిటికీ ఒకే పేరు వచ్చి నెట్‌వర్క్‌లో గొడవపడతాయి. ఓఈఎం (ఫ్యాక్టరీలోనే ఎక్కించిన) విండోస్‌ను ఇలా సొంత ఇమేజ్‌తో నింపాలంటే మైక్రోసాఫ్ట్ వాల్యూమ్ లైసెన్సు ఒకటైనా ఉండాలన్న నిబంధన ఉంది, అది ముందే కొనుక్కోండి.

పిల్లలకు స్టాండర్డ్ ఖాతా మాత్రమే ఇవ్వండి. బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడాన్ని ఆపేయండి. అక్కడే కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలి అన్న సెట్టింగు ఉంటుంది. దాన్ని "ఆఫ్"లో పెట్టండి. లేకపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ 23 సిస్టమ్‌లు ఎవరూ లేని గదిలో ఒక్కసారిగా లేస్తాయి. 24 పోర్టుల గిగాబిట్ స్విచ్ 23 సిస్టమ్‌లకు సరిపోయినట్టే ఉంటుంది, ప్రింటర్ గుర్తొచ్చేదాకా. ఇంకో 8 పోర్టులది కలపండి. కేబుల్ క్యాట్6, స్విచ్ నుంచి సిస్టమ్‌కు 100 మీటర్లలోపు.

పాతవాటిని పంపించడం

ఆఫీసు డిస్కుల్లో పిల్లల ఆధార్ నంబర్లు, టీసీలు, మార్కులు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, యూడైస్ కోసం తయారుచేసిన పట్టికలు ఉంటాయి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం పరిధిలోకి స్కూళ్లూ వస్తాయి. డిలీట్, క్విక్ ఫార్మాట్ చాలవు. హార్డ్ డిస్క్‌ను ఒకసారి పూర్తిగా సున్నాలతో నింపండి. పనిచేయని డిస్క్‌కు డ్రిల్లింగ్ మిషన్‌తో పళ్లేల గుండా రంధ్రాలు వేయించండి. దానికి ముందు ఒక బ్యాకప్ తీసి, అది వేరే సిస్టమ్‌లో తెరుచుకుంటోందో చూడండి. కొత్తవి ఒక నెల నడిచేదాకా ఆఫీసు డిస్కులు తుడవకండి.

పాత ఇనుప సామాన్ల బండికి ఇవ్వకండి. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు తీసుకోండి. పనికొచ్చే ర్యామ్ కడ్డీలు, కీబోర్డులు, మంచి మానిటర్లు రెండో కుప్పలోని సిస్టమ్‌ల కోసం తీసి ఉంచండి. యూపీఎస్ పాత బ్యాటరీలను వీటిలో కలపకండి, వాటిని కొత్తవి అమ్మే డీలరే బరువును బట్టి ధర కట్టి వెనక్కి తీసుకుంటాడు. స్టాక్ రిజిస్టర్‌లో పాత సీరియల్ నంబర్ల ఎదురుగా కండెమ్నేషన్ తీర్మానం తేదీ, రీసైక్లర్ రసీదు నంబరు రాసి, ఆ పేజీ కిందే కొత్త నంబర్లు ఎక్కించండి.